మణికట్టు మీది మెష్: సంగారెడ్డి చేలలో దూరశ్రేణి వైర్‌లెస్ గడియారాల ఉపయోగం, పరిమితులు

మన దేశంలో పాముకాటు వలన ఏటా సగటున 58,000 మంది మరణిస్తున్నారని, 2000 నుండి 2019 వరకు గల సమాచారాన్ని విశ్లేషించి 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలలో సుమారు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల పల్లపు గ్రామీణ ప్రాంతాలలోనే సంభవించాయి. తెలంగాణను కలుపుకొని లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. మరణాలలో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే జరిగాయి. సంగారెడ్డి జిల్లా చేలలో పత్తికి కలుపు తీసే రోజులు, కందిలో గుంటక తోలే రోజులు, సోయాచిక్కుడు కోతకు వచ్చే రోజులు కూడా ఇవే.

పాముకాటుకు విరుగుడు మందు ఉన్నది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన 108 వాహనమూ ఉన్నది. చాలా సందర్భాలలో లోపించేది వీటికి ముందరి మెట్టు, అనగా చేనులో కూలిన మనిషి నుండి ఊరికి చేరవలసిన కబురు. రాత్రి పూట బోరు మోటారు స్టార్టరు వద్ద విద్యుదాఘాతానికి గురైన రైతు విషయంలోనూ, ఎండదెబ్బకు స్పృహ తప్పిన కూలీ విషయంలోనూ ఇదే పరిస్థితి. ఇంటింటా సెల్‌ఫోన్ ఉన్న కాలంలో కబురు అందకపోవడమేమిటని నగరవాసికి అనిపించవచ్చు. కానీ పత్తి ఏరే స్త్రీ ఒడి కట్టుకొని రెండు చేతులతో పని చేస్తుంది. ఆమె ఫోను సద్దిమూటతో పాటు గట్టు మీది చెట్టు కింద ఉంటుంది. వాన పడితే కవరులో చుట్టి పెడతారు. పని జరిగే సాళ్లకు, ఫోను ఉన్న గట్టుకు మధ్య రెండు మూడు వందల మీటర్ల దూరం ఉండడం సాధారణం. కాలిపై కాటు పడిన మనిషి నడవరాని దూరం అది.

ఈ అంతరాన్ని పూరించగల పరికరంగా ఇటీవల కొన్ని సంవత్సరాలుగా ఔత్సాహికుల చేతులలో రూపుదిద్దుకొంటున్నది దూరశ్రేణి మెష్ గడియారం. ఇది సిమ్ కార్డు, టవరు, ఇంటర్నెట్ లేకుండా పని చేస్తుంది. దీని ప్రోగ్రామును వినియోగదారుడే మార్చుకోవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది ఎంతవరకు పనికి వస్తుందో, ఎక్కడ పనికి రాదో తెలుసుకోవడానికి పటాన్‌చెరు నుండి జహీరాబాదు వరకు గల ప్రాంతం మంచి ఒరగల్లు. ఒకవైపు పరిశ్రమలు, వాటి వెనుకనే చెలకలు, నల్లరేగడి భూములు, ఆపైన చెరకు తోటలు, ఇవన్నీ ఒకే జాతీయ రహదారి వెంట వరుసగా తగులుతాయి.

పరికరం లోపల

ఈ తరగతి పరికరాలలో బాగా ప్రచారం పొందిన లిలీగో సంస్థ వారి టి-వాచ్ ఎస్3ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీనిలో ఎస్‌ప్రెసిఫ్ సంస్థ తయారు చేసిన ఈఎస్‌పీ32-ఎస్3 అనే మైక్రోకంట్రోలరు, సెమ్‌టెక్ సంస్థ వారి ఎస్‌ఎక్స్1262 అనే రేడియో చిప్, 240×240 బిందువుల చిన్న తెర, కదలికలను గుర్తించే యాక్సిలరోమీటరు, ప్రకంపన మోటారు, 470 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంటాయి. ఆర్డుయినో పద్ధతిలో ప్రోగ్రాము వ్రాయగల డిగ్రీ విద్యార్థి ఎవరైనా దీనిని తన అవసరానికి మలచుకోవచ్చు. మూతబడిన పెట్టె వంటి బజారు గడియారాలకు, దీనికి గల ప్రధాన భేదం ఇదే.

రేడియో భాగంలో వాడే లోరా అనే పద్ధతి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరంలో 2009లో ఏర్పడిన సైక్లియో అనే చిన్న సంస్థ కృషి. 2012లో సెమ్‌టెక్ దానిని కొనుగోలు చేసింది. దీనిలోని కిటుకు సులభంగానే అర్థమవుతుంది. సంకేతాన్ని ఒకే పౌనఃపున్యంపై నిలపక, పిట్ట కూత వలె కింది నుండి పైకి జారుస్తారు. ఆ జారుడు ఎంత నిదానంగా సాగితే, చుట్టూ ఉన్న రణగొణ ధ్వనిలో మునిగిపోయిన సంకేతాన్ని కూడా గ్రాహకం అంత నమ్మకంగా ఏరుకోగలదు. నిదానానికి చెల్లించే మూల్యం వేగం. సెకనుకు కొన్ని వందల బిట్లు మాత్రమే పోతాయి. మాట, బొమ్మ, వీడియో దీనిపై పంపడం కుదరదు. చిన్న చీటీ మాత్రం పంపవచ్చు.

ఆ చీటీని చేతి నుండి చేతికి అందించే ఏర్పాటే మెష్. ఈ పనికి విరివిగా వాడుకలో ఉన్న మెష్‌టాస్టిక్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను 2020లో కెవిన్ హెస్టర్ ప్రారంభించారు. కొండలెక్కేవారు, మంచుపై జారే క్రీడాకారులు, పారాగ్లైడర్లు టవర్లు లేని చోట ఒకరి జాడ మరొకరు తెలుసుకోవాలన్నది నాటి ఉద్దేశం. ఇందులో ప్రత్యేకించి కేంద్ర స్థానం ఉండదు. ప్రతి పరికరం తాను విన్న సందేశాన్ని మరల ప్రసారం చేస్తుంది. అయితే విన్నవారందరూ ఒక్కసారిగా పలికితే గోల తప్ప కబురు మిగలదు. కనుక ప్రతి పరికరమూ కొంతసేపు ఆగుతుంది. సంకేతాన్ని బలహీనంగా విన్నది, అంటే బహుశా దూరంగా ఉన్నది, ముందుగా పలుకుతుంది. అది పలకడం విన్న దగ్గరి పరికరం తన వంతు మానుకొంటుంది. ఒక సందేశం మామూలుగా మూడు అంచెలకు మించి సాగదు. కావలసినచో ఏడు అంచెల వరకు పెంచుకొనే వీలున్నది.

చట్టం అనుమతించే మేర

రేడియో పరికరం అనగానే లైసెన్సు ప్రశ్న తలెత్తుతుంది. విస్తరణ కేంద్రాలు ఈ విషయంలో స్పష్టత లేకుండా పరికరాలు కొనుగోలు చేయరాదు. 865 నుండి 867 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా కేంద్ర ప్రభుత్వం 2005లోనే విడిచిపెట్టింది. 2021 డిసెంబరులో దానిని 868 వరకు పొడిగించారు. ప్రసారిణి శక్తి 1 వాట్‌కు, యాంటెన్నా నుండి వెలువడే శక్తి 4 వాట్లకు మించరాదు. వాహక పట్టీ వెడల్పు 200 కిలోహెర్ట్జ్. లైసెన్సు లేకపోయినా పరికరం నమూనాకు ప్రభుత్వ ఆమోదం ఉండి తీరాలి. విదేశాల నుండి ఒక్కొక్కటిగా తెప్పించుకొనే ఔత్సాహికులు దీనిని తరచు మరచిపోతారు.

గడియారం పంపే శక్తి గరిష్ఠంగా 22 డెసిబెల్-మిల్లీవాట్లు, అంటే సుమారు 158 మిల్లీవాట్లు. కనుక శక్తి విషయంలో చిక్కు లేదు. చిక్కు పట్టీ వెడల్పులో ఉన్నది. మెష్‌టాస్టిక్ తొలిసారి తెరిచినప్పుడు కనిపించే అమరిక 250 కిలోహెర్ట్జ్ వెడల్పును వాడుతుంది. ఇది 200 కిలోహెర్ట్జ్ హద్దును దాటుతున్నది. 125 కిలోహెర్ట్జ్ అమరికలు హద్దులోనే ఉంటాయి. ప్రభుత్వ నిధులతో ప్రయోగం చేసేవారు రెండవదానినే ఎంచుకోవడం ఉచితం. వేగం మూడింట ఒక వంతుకు పడిపోయి సెకనుకు సుమారు 340 బిట్లు అవుతుంది. బదులుగా సంకేతం మరికొంత దూరం పోతుంది. చేను అవసరానికి ఇది నష్టపు బేరం కాదు.

ఈ పట్టీ మనకొక్కరికే కేటాయించినది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాహనాల అద్దంపై అంటించే ఫాస్టాగ్‌ను చదివే యంత్రాలు, గోదాములలో సరుకు లెక్కించే రేడియో చీటీల యంత్రాలు, కొన్ని స్మార్ట్ విద్యుత్ మీటర్లు ఇదే పట్టీలో పలుకుతాయి. రహదారిపై కంకోల్ టోల్‌ప్లాజా పక్కనో, పటాన్‌చెరు, పాశమైలారం గోదాముల సమీపంలోనో ప్రయోగం నిర్వహిస్తే వచ్చే ఫలితం వేరు, నారాయణఖేడ్ వైపు చెలకలలో వచ్చే ఫలితం వేరు. ఒకచోటి దూరాన్ని మరొకచోట ప్రకటించడం శాస్త్రీయం కాదు.

ఎంత దూరం?

పర్వత శిఖరాల మధ్య ఈ పద్ధతిలో 300 కిలోమీటర్లకు పైగా సందేశాలు చేరిన సందర్భాలు ఉన్నాయి. ప్రకటనలలో కనిపించేవి అటువంటి సంఖ్యలే. చేనులో వంగి కలుపు తీసే మనిషి మణికట్టుకు, శిఖరాగ్రంపై నిలిపిన యాంటెన్నాకు పోలిక లేదు.

866 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 34.6 సెంటీమీటర్లు. చక్కగా పని చేయవలసిన పావు తరంగ యాంటెన్నా 8.6 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. గడియారంలో అంత చోటు లేదు. మడిచి, కుదించి అమర్చిన యాంటెన్నా కొంత శక్తిని కోల్పోతుంది. దానిని ఆనుకొని ఉన్న చేయి, నీటితో నిండిన మానవ దేహం, మరికొంత పీల్చుకొంటాయి. ఆపైన పైరు ఉన్నది. ఆకులో నీరు ఎంత ఎక్కువైతే సంకేతానికి అంత అవరోధం. కాబట్టి మొలక దశలో చక్కగా పని చేసిన వ్యవస్థ, అదే చేనులో కంది మనిషి ఎత్తు దాటినప్పుడు, జహీరాబాదు చెరకు తోటలో గడలు తలపైకి లేచినప్పుడు విఫలం కావచ్చు. వానకు తడిసిన పైరులో ఇంకా కష్టం.

పైరు పైనుండి పోయే తరంగానికి కూడా చుట్టూ కొంత ఖాళీ కావాలి. రెండు కొనల మధ్య గీత గీసినట్లు చూపు ఆనితే చాలదు. 2 కిలోమీటర్ల దూరానికి, నడిమధ్యన ఆ గీత చుట్టూ సుమారు 13 మీటర్ల వ్యాసార్ధం గల అండాకార ప్రదేశం తరంగ ప్రయాణంలో పాలుపంచుకొంటుంది. దీనినే ఫ్రెనెల్ మండలం అంటారు. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 8 మీటర్ల మేర, అడ్డు లేకుండా ఉండాలని సాంకేతిక నియమం. గడియారం నేలకు 1 మీటరు ఎత్తున, మరో కొన 15 మీటర్ల ఎత్తున గల మంచినీటి ట్యాంకుపై ఉన్నాయనుకొందాం. నడుమ గీత ఎత్తు 8 మీటర్లు. ఖాళీ నేలపై లెక్క సరిగ్గా సరిపోయింది. అదే నడుమ 3 మీటర్ల చెరకు ఉంటే సరిపోదు. రెండు కొనలూ మణికట్లే అయితే ఈ లెక్క వేయనవసరమే లేదు, కొన్ని వందల మీటర్లతో సంతృప్తి పడవలసినదే.

దీని నుండి తేలే ఆచరణ సూత్రం ఒకటున్నది. గడియారాలతో గడియారాలను కలిపి మెష్ అల్లడం చేనుకు తగిన పద్ధతి కాదు. ఎత్తున నిలిపిన మారు ప్రసారిణులే వెన్నెముక కావాలి. ఊరి ట్యాంకు, పాఠశాల మేడ, పొలంలో పందుల కాపలాకు వేసిన మంచె ఇందుకు పనికి వస్తాయి. చిన్న సౌర ఫలకం, ఒక బ్యాటరీ, సరైన కొలత గల యాంటెన్నా ఉంటే చాలు. ఒంటరిగా ఎత్తున నిలిచిన స్తంభం పిడుగును ఆకర్షిస్తుంది కనుక భూమికి తీగ కలపడం తప్పనిసరి, ఉరుములు మొదలైనప్పుడు దాని వద్దకు ఎవరూ పోకుండా చూడడం అంతకన్న తప్పనిసరి. గడియారాలను మాత్రం వినడానికి, చెప్పడానికి పరిమితం చేసి, మారు ప్రసారం చేయకుండా మూగ అమరికలో ఉంచాలి. దీనివలన బ్యాటరీ కూడా మిగులుతుంది.

బ్యాటరీ విషయం ఇక్కడే చెప్పుకోవాలి. పరికరం సగటున 50 మిల్లీ ఆంపియర్లు వాడితే 470 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ తొమ్మిది గంటల పైచిలుకు నిలుస్తుంది. ఉదయం ఆరింటికి ట్రాలీ ఆటో ఎక్కిన కూలీ సాయంత్రం ఇల్లు చేరేసరికి అది అడుగంటుతుంది. తెరను ఆర్పి ఉంచడం, బ్లూటూత్ నిలిపివేయడం, ప్రాసెసరును నిద్రపుచ్చి రేడియోను మాత్రం మేల్కొలిపి ఉంచడం, ఇవన్నీ ప్రోగ్రాములో చేయగల పనులే. ఎస్‌ఎక్స్1262 వినే స్థితిలో వాడేది 5 మిల్లీ ఆంపియర్ల చేరువలో మాత్రమే. మిగిలినదంతా తక్కిన భాగాల తిండి. విద్యార్థి ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం దొరకదు. తక్కువ విద్యుత్తుతో పని చేసే నార్డిక్ సంస్థ వారి ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్‌తో తయారయ్యే పరికరాలను కూడా పోల్చి చూడవలసి ఉన్నది.

తెలుగులో ఒక కబురు ఎన్ని బైట్లు?

"పాము కరిచింది" అన్న మాటను కంప్యూటరు నిల్వ చేసే సాధారణ పద్ధతిలో లెక్కిస్తే 37 బైట్లు అవుతాయి. తెలుగులో ప్రతి అక్షర చిహ్నానికీ, గుణింతపు గుర్తుకు సైతం, మూడేసి బైట్లు పడతాయి. ఒక్క మెష్ సందేశంలో 200 పైచిలుకు బైట్లకే చోటుంటుంది. అంటే ఆంగ్లంలో రెండు వందల అక్షరాలు పట్టే చోట తెలుగులో అరవై డెబ్బై గుర్తులతో సరిపెట్టుకోవాలి. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ సందేశం పొడవు పెరిగిన కొద్దీ అది గాలిలో ఉండే సమయం పెరుగుతుంది. 125 కిలోహెర్ట్జ్ అమరికలో శీర్షిక, అనుబంధ సమాచారం కలుపుకొని లెక్కిస్తే ఆ వాక్యం గాలిలో సుమారు 2.2 సెకన్లు ఉంటుంది. అదే కబురును ఒక బైటు సంకేతంగా, ఉదాహరణకు 1 అన్న అంకెగా, పంపితే సుమారు 1.1 సెకన్లు చాలు. మూడు అంచెలు దాటేసరికి ఈ తేడా నాలుగింతలవుతుంది.

మరొక చిక్కు తెరకు సంబంధించినది. గుణింతాలను, ఒత్తులను సరిగ్గా పేర్చి చూపే ఏర్పాటు ఇటువంటి చిన్న తెరల సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఉండదు. "క్ష" అన్న అక్షరం మూడు ముక్కలై కనబడే గడియారాన్ని రైతు చేతికి ఇచ్చి ప్రయోజనం లేదు. కాబట్టి అక్షరాలకు బదులు బొమ్మలు, రంగులు, ప్రకంపనలు వాడడం మేలు. పిడుగు హెచ్చరికకు మూడు పొడవాటి ప్రకంపనలు, ఊరికి రమ్మనడానికి రెండు పొట్టి ప్రకంపనలు, ఇట్లా. బురద చేతులతో, చేతి తొడుగులతో తాకుడు తెర పని చేయదు కనుక సహాయపు పిలుపు గట్టి బొత్తానికే కట్టుబడి ఉండాలి. అది పొరపాటున ఒత్తుకుపోకుండా మూడు సెకన్లు అదిమి పట్టాలన్న నియమం పెట్టాలి. కొడవలి పట్టే చేతికి కాక రెండవ చేతికి గడియారం ధరించాలన్నది కూడా శిక్షణలో చెప్పవలసిన మాటే.

మనిషి కింద పడితే దానంతట అదే గుర్తించి కబురు పంపే సదుపాయం గురించి విద్యార్థులు ఉత్సాహంగా అడుగుతారు. నగర జీవితానికి తయారైన గణన పద్ధతులు చేనులో ఎంతవరకు పనికి వస్తాయో పరీక్షించకుండా చెప్పరాదు. గునపం దింపడం, గడ్డపార విసరడం, మూట నేలపై ఎత్తి వేయడం, గట్టు దూకడం, ఇవన్నీ యాక్సిలరోమీటరుకు పతనం వలెనే తోచగలవు. రోజుకు పదిసార్లు తప్పుడు పిలుపు వస్తే పదకొండవది నిజమైనా ఎవరూ కదలరు. అట్లే గడియారంలోని ఉష్ణమాపకం గాలి వేడిమిని చూపదు. అది బ్యాటరీ వేడిని, చర్మపు వేడిని కలిపి చూపుతుంది. ఎండదెబ్బ హెచ్చరికకు గాలిలో తేమను, ఎండ తీవ్రతను లెక్కలోకి తీసుకొనే తడి-గోళ ఉష్ణోగ్రత కావాలి. దానిని గట్టు మీది వాతావరణ పెట్టె కొలిచి, గడియారానికి సంకేతం మాత్రం పంపాలి.

ఎవరి జాడ ఎవరికి?

గడియారంలో స్థానాన్ని తెలిపే సదుపాయం ఉంటే ప్రతి కూలీ ఎక్కడ ఉన్నదో నిమిష నిమిషానికి తెలుసుకోవచ్చునని ఆశ కలుగుతుంది. ముందుగా ఇది సాంకేతికంగానే కుదరదు. స్థానాన్ని తెలిపే ఒక ప్యాకెట్ ఇదే అమరికలో సుమారు 1.6 సెకన్లు గాలిలో ఉంటుంది. అరవై మంది నిమిషానికి ఒకసారి పంపితే 96 సెకన్లు కావాలి. నిమిషంలో ఉన్నవి అరవై. పావుగంటకు ఒకసారి పంపినా, మూడేసి మారు ప్రసారాలతో కలిపి, కాలంలో 43 శాతం వారి ప్యాకెట్లకే పోతుంది. విచ్చలవిడిగా పలికే వ్యవస్థలో 18 శాతం దాటి ప్రయోజనం ఉండదని పాత అలోహా సిద్ధాంతం చెబుతుంది. విని పలికే జాగ్రత్త వలన మెష్‌లో కొంత మెరుగు ఉండవచ్చును గాని, సహాయపు పిలుపుకు ఖాళీ దొరకని వ్యవస్థను భద్రతా వ్యవస్థ అనలేము. బొత్తాం నొక్కినప్పుడు మాత్రమే స్థానాన్ని పంపడం ఉత్తమం.

సాంకేతికంగా కుదిరినా అది సమ్మతం కాదు. భద్రత పేరిట కట్టిన గడియారం కూలీ ఎంతసేపు నీడన కూర్చున్నదో మేస్త్రీకి చెప్పే యంత్రంగా మారడానికి ఒక్క రోజు చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం సమాచారం ఎందుకు సేకరిస్తున్నారో స్పష్టంగా తెలిపి సమ్మతి పొందాలి. మెష్‌టాస్టిక్‌లో సందేశాలను గుప్తీకరించే ఏర్పాటు ఉన్నది, కానీ మొదటి నుండి అమర్చి వచ్చే సాధారణ చానెల్ తాళం అందరికీ తెలిసినదే. దానిని మార్చకుండా వాడితే చేనులో ఒంటరిగా ఉన్న స్త్రీ జాడ దారిన పోయే ఎవరికైనా అందుతుంది. ప్రయోగం మొదలుపెట్టే రోజున చేయవలసిన తొలి పని కొత్త తాళం పెట్టడం.

పరిశ్రమల వైపు చూస్తే ప్రశ్న మరొక రూపం తీసుకొంటుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. ఆ సమయంలో లోపల ఎవరెవరు ఉన్నారన్నది తేలడానికి రోజులు పట్టింది. ఇటువంటి చోట ధరించే పరికరం మేలు చేయదా అన్న ప్రశ్న సహజమే. అయితే మండే ఆవిర్లు, పొడి ధూళి ఉండే చోట నిప్పురవ్వకు ఆస్కారం లేదని ధ్రువీకరించిన పరికరాలను మాత్రమే అనుమతించాలి. ఇక్కడ వర్ణించిన గడియారం ఆ కోవలోనిది కాదు. లిథియం బ్యాటరీ గల మామూలు పరికరాన్ని అటువంటి ఆవరణలోకి ధరించి పోవడమే ప్రమాదం. పరిశ్రమల ప్రహరీ వెలుపల, నక్కవాగు వంటి వాగుల వెంట సాగు చేసే రైతుకు మాత్రం ఇదే మెష్ మరొక విధంగా ఉపకరించవచ్చు. పరిశ్రమల వ్యర్థజలాల వివాదం 1990లోనే సర్వోన్నత న్యాయస్థానానికి చేరిన ప్రాంతమిది. వాగు నీటి విద్యుద్వాహకతను కొలిచే చిన్న పరికరం గంటకొకసారి రెండు బైట్లు పంపినా, నీరు పెట్టేముందు రైతుకు ఒక సూచన అందుతుంది.

జిల్లా ఎరిగిన వైర్‌లెస్

సంగారెడ్డి జిల్లాకు వైర్‌లెస్ పరిజ్ఞానం కొత్త కాదు. ఝరాసంగం మండలం మాచ్నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘం మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు ప్రారంభించింది. తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ దానిని ప్రారంభించారు. దీనికి ముందు దాదాపు పదేళ్లు స్టూడియో ఉన్నది, కార్యక్రమాలు ఉన్నాయి, ప్రసార అనుమతి లేదు. మహిళలు కార్యక్రమాలను టేపులపై రికార్డు చేసి సంఘాలలో వినిపించారు. 2006 నవంబరు నాటి విధానం స్వచ్ఛంద సంస్థలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచిన తరువాతనే 90.4 మెగాహెర్ట్జ్‌పై వారి గొంతు గాలిలోకి వెళ్లింది. జొన్న, సజ్జ, కొర్ర వంటి పంటల గురించి, విత్తనం దాచుకొనే తీరు గురించి ఊరి యాసలోనే మాట్లాడిన ఆ రేడియో ఒకవైపు మాత్రమే ప్రసారం చేయగలదు. చేనులో వినే మనిషి తిరిగి పలకలేదు. మెష్ ఆ తిరుగు దారిని చూపుతుంది.

పటాన్‌చెరులో 1972 నుండి ఉన్న ఇక్రిశాట్ అనుభవం ఇంకొక కోణాన్ని చూపుతుంది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు మైక్రోసాఫ్ట్ సహకారంతో విత్తే తేదీని తెలుగు ఎస్‌ఎంఎస్‌ల ద్వారా సూచించారు. హెక్టారుకు సగటు దిగుబడి 30 శాతం అధికమైనట్లు ఆ సంస్థ నివేదించింది. అక్కడ వాడినది అతి సాధారణమైన ఫోను, పొట్టి సందేశం. లెక్కలన్నీ వెనుక జరిగాయి, రైతుకు చేరినది ఒక్క తేదీ. మెష్ గడియారపు రూపకల్పనలోనూ ఈ పొదుపు పాటించవలసి ఉన్నది.

ఇక పిడుగుల విషయం. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ పిడుగుపాటు హెచ్చరికలు ఇస్తున్నది. అది ఇంటర్నెట్ గల ఫోనుకు చేరుతుంది. ఊరిలో ఉన్న ఒక ఫోను నుండి ఆ హెచ్చరికను చేలలోని పాతిక మణికట్లకు ఒక్క బైటుతో చేరవేయడం మెష్‌కు సునాయాసమైన పని. సహాయపు పిలుపు ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే అవసరం పడవచ్చు, హెచ్చరిక వానాకాలంలో తరచు అవసరమవుతుంది. రోజూ పనికి వచ్చేది ఉంటేనే అరుదుగా పనికి వచ్చేది చేతికి ఉంటుంది, లేకుంటే గడియారం ఇంట్లో గూటిలోనే మిగిలిపోతుంది.

ప్రయోగం ఎట్లా ఉండాలి?

జిల్లాలో ఇందుకు తగిన సంస్థలకు లోటు లేదు. కంది గ్రామం వద్ద భారతీయ సాంకేతిక విద్యా సంస్థ, బసంతపూర్‌లో వ్యవసాయ పరిశోధనా స్థానం, సంగారెడ్డిలో ఫల పరిశోధనా స్థానం, జహీరాబాదు వద్ద కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఒక ఊరు, ఒక ట్యాంకు, రెండు మంచెలు, ఇరవై గడియారాలతో ఒక వానాకాలం పాటు ప్రయోగం నిర్వహిస్తే చాలినంత సమాచారం లభిస్తుంది. పత్తి, కంది, చెరకు చేలలో పైరు వయసు 30, 60, 90, 120 రోజులు ఉన్నప్పుడు అవే స్థలాల నుండి సందేశాలు పంపి, చేరినవాటి శాతాన్ని, సంకేత బలాన్ని, సంకేతానికి రొదకు గల నిష్పత్తిని నమోదు చేయాలి. నిలుచున్నప్పుడు, వంగినప్పుడు, నేలపై పడుకొన్నప్పుడు వేరువేరుగా కొలవాలి. చివరిది ముఖ్యం, ఏలనంటే సహాయం కోరే మనిషి నిలబడి ఉండడు.

మరొక కొలత రేడియోకు సంబంధించినది కాదు. తాను పంపిన ప్యాకెట్‌ను పొరుగు పరికరం మరల పలకడం వినగానే, కబురు బయలుదేరిందని గడియారం భావిస్తుంది. బయలుదేరడం వేరు, మనిషి చూడడం వేరు. కనుక ఊరి చివర పిలుపు అందుకొన్న వ్యక్తి బొత్తాం నొక్కి "చూశాను" అని తిరుగు సంకేతం పంపే వరకు గడియారం ప్రయత్నిస్తూనే ఉండేట్లు ప్రోగ్రాము వ్రాయాలి. ఆ తిరుగు సంకేతం ప్రకంపనగా చేతికి తగలడం వరకు పట్టిన కాలమే ఈ ప్రయోగపు అసలు ఫలితం. ఇరవై గడియారాలకు ఒక్క ఊరి మనిషే బాధ్యుడైతే ఆయన పెళ్లికి పోయిన రోజున వ్యవస్థ అంతా మూగబోతుంది. ముగ్గురు ఉండాలి. వారిలో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలి.

పిలుపు అందిన తరువాత 108కు ఫోను చేసేది ఆ ముగ్గురిలో ఒకరే. అప్పుడు అక్షాంశ రేఖాంశాలు చదివి వినిపిస్తే వాహన చోదకుడికి దారి దొరకవచ్చు, దొరకకపోవచ్చు. పొలాలకు ఊరివారు వాడే పేర్లు ఉంటాయి: పెద్దచింత చేను, వాగొడ్డు మడి, గుట్ట కింది చెలక. ప్రయోగం ప్రారంభించేముందు గ్రామస్థులతో కూర్చొని ఈ పేర్లను పటంపై గుర్తించి, ఒక్కొక్కదానికి ఒక అంకె ఇచ్చి, ఆ పట్టికను పిలుపు అందుకొనే పరికరంలోనూ, దాని పక్కన గోడ మీదా వ్రాసి ఉంచాలి. బండి ఏ గట్టు వరకు వస్తుందో, అక్కడి నుండి మంచం మీద ఎంత దూరం మోయాలో ఆ పట్టికలోనే నమోదు కావాలి.